తూర్పు కుర్చీ

కూర్చున్న చోటును బట్టి ఆట మారుతుందని నేను మొదటినుంచీ నమ్మాను. ఆ నమ్మకం నిజమైనదే. దానికి నేను చెప్పుకున్న కారణమే పూర్తిగా తప్పు. నిజాన్ని తప్పుడు కారణంతో నమ్మినవాడు, అసలు నమ్మనివాడికంటే ఎక్కువ పోగొట్టుకుంటాడని నా అనుభవం. నమ్మనివాడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటాడు, ఒకసారి మంచి చోటు, ఒకసారి చెడ్డ చోటు దొరుకుతుంది. నేను వెతుక్కుని, అడిగి మరీ చెడ్డ చోట కూర్చున్నాను.

మాది భీమవరం పక్క పల్లెటూరు. సంక్రాంతికి పెద్దనాన్నగారి మేడమీద చాపలు పరిచి రమ్మీ వేసేవారు. మా నాన్న తూర్పుముఖంగా తప్ప కూర్చునేవారు కాదు. ఆ చోట ఇంకొకరు ఉంటే, వాళ్లు లేచేదాకా గోడకానుకుని చూస్తూ నిలబడేవారు. వరసగా ఫుల్ కౌంట్లు పడితే పేక మార్పించేవారు, చాప తిప్పించేవారు. అయితే ఆయనకు గొప్ప జ్ఞాపకశక్తి. ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పడేశారో షో అయ్యాక కూడా వరసగా చెప్పేవారు. ఆయన గెలిచింది దానివల్ల. ఘనత మాత్రం తూర్పుకి ఇచ్చేవారు. నేను ఆయన దగ్గర రెండూ నేర్చుకున్నాను, రెంటిలో ఏది పనిచేసిందో ఎప్పుడూ అడగలేదు.

"రమ్మీ జూదం కాదురా, సుప్రీంకోర్టే చెప్పింది" అని ఆయన తరచూ అనేవారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుమీద పెట్టిన కేసులో 1967లో వచ్చిన తీర్పు అది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యం ఉందని కోర్టు చెప్పింది, మూడుముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం కింద వేరుచేసింది. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించాయి. అప్పులపాలైన ఇళ్లను నేనూ చూశాను, ఆ నిషేధం మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ పాత తీర్పులోని మాట మా నాన్న నోట విని విని, పేక దగ్గర నైపుణ్యమంటే జ్ఞాపకమే అని నా మనసులో ముద్రపడింది. ఆ జ్ఞాపకశక్తి నాకూ ఉంది. దాన్ని నమ్ముకునే కాలిఫోర్నియాలో పోకర్ బల్ల దగ్గరికి వెళ్లాను.

సాన్ హోసే చుట్టుపక్కల లైసెన్సున్న కార్డ్ రూములున్నాయి. అక్కడి పోకర్ బల్లలమీద ఎక్కువగా ఆడేది టెక్సస్ హోల్డెమ్. అందులో నా జ్ఞాపకానికి పనే లేదు. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. బల్లమధ్య అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు కలిపి, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. ఆఖరిది రివర్. పంచగానే ఒకసారి, తెరిచిన ప్రతిసారీ ఒకసారి, మొత్తం నాలుగు విడతల పందెం. ఎవరూ ముక్క ఎత్తరు, ఎవరూ ముక్క పడేసి చూపించరు. వదిలేసినవాళ్ల ముక్కలు మూసినవి మూసినట్టే వెళ్లిపోతాయి. గుర్తుపెట్టుకోవడానికి ముక్కలేవీ మిగలవు. ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు తర్వాత మాట్లాడారు, ఎంత పెట్టారు, అదే మిగులుతుంది.

ఈ వరసను నిర్ణయించేది బటన్ అనే ఒక బిళ్ల. అది ఆట ఆటకీ ఒక మనిషి చొప్పున ఎడమవైపు జరుగుతుంది. బటన్‌కి ఎడమపక్కనున్న ఇద్దరూ ముక్కలు చూడకముందే కొంత కట్టాలి. నేను ఆడిన బల్లమీద చిన్న బ్లైండ్ 2 డాలర్లు, పెద్ద బ్లైండ్ 5 డాలర్లు. ముక్కలు పంచగానే పెద్ద బ్లైండ్‌కి ఎడమన ఉన్నవాడు మొదట నోరు విప్పాలి. ఫ్లాప్ తెరిచాక మాత్రం బటన్‌కి ఎడమన ఉన్నవాళ్లతో మొదలై, వరస బటన్ దగ్గర ముగుస్తుంది. అంటే బటన్ ఎవరి ముందుంటే వాళ్లు ఫ్లాప్‌లోనూ టర్న్‌లోనూ రివర్‌లోనూ అందరి మాటా విన్నాకే తమ మాట చెబుతారు. మా అమ్మ చీటీపాటల్లో ఎప్పుడూ మొదట పాడేది కాదు. ఎవరికి ఎంత అవసరమో వాళ్ల పాటలోనే తెలిసిపోతుందనేది. అమ్మ చెప్పిన ఆ ఒక్కమాట గుర్తొచ్చి ఉంటే నాకు చాలా డబ్బు మిగిలేది. నేను నాన్న తూర్పును గుర్తుపెట్టుకున్నాను.

తొమ్మిది మంది బల్లమీద మొదట మాట్లాడే చోట నాకు ఆసు, జాకీ వచ్చాయనుకోండి, వేరువేరు రంగుల్లో. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. నాకు కనిపించని 50 ముక్కల్లోంచి రెండేసి తీస్తే 1225 జతలొస్తాయి. వాటిలో నా చేతిని గట్టిగా అణిచేవి, అంటే జంట ఆసులు, జంట రాజులు, జంట రాణులు, జంట జాకీలు, ఆసు-రాజు, ఆసు-రాణి, అన్నీ కలిపి 42. ఒక మనిషి దగ్గర అలాంటిది ఉండే అవకాశం 100కి మూడున్నర లోపే. కానీ నా వెనక ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిది మందిలో ఎవరో ఒకరి దగ్గర ఉండే అవకాశం 100కి 24. నాలుగుసార్లకు దాదాపు ఒకసారి. అవే ముక్కలు బటన్ మీద వచ్చి, ముందున్నవాళ్లంతా వదిలేసి ఉంటే, నా తర్వాత మిగిలేది ఇద్దరే. అప్పుడు 100కి 7 కూడా ఉండదు. ముక్కలు అవే. కూర్చున్నదీ నేనే. చేతి విలువ మాత్రం వేరు. ఈ లెక్క హైస్కూలు పిల్లలు చేయగలిగింది. ఇంజనీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో ఇన్నేళ్లు బతికిన నేను ఈ లెక్క వేసింది చాలా డబ్బు పోయాక.

ఒక ఆట నాకు బాగా గుర్తుంది. మొదటి చోట ఆసు-జాకీ వచ్చింది, 20 డాలర్లకు పెంచాను. బటన్ దగ్గరున్నతను ఒక్కడే కలిపాడు, మిగతా అందరూ వదిలేశారు. ఫ్లాప్‌లో ఆసు, ఎనిమిది, నాలుగు. ఆసు నాకు జంటైంది. ముందు మాట్లాడాల్సింది నేనే. 30 పెట్టాను, కలిపాడు. టర్న్‌లో మూడు వచ్చింది. 70 పెట్టాను, కలిపాడు. రివర్‌లో తొమ్మిది. అప్పుడు నాకు భయం వేసింది, చెక్ అన్నాను, అంటే ఏమీ పెట్టకుండా మాట అతనికి వదిలాను. అతను నెమ్మదిగా 150 పెట్టాడు. ఆసు చేతిలో పెట్టుకుని వదలడం చేతకాక నేనూ పెట్టాను. అతని దగ్గర ఆసు-రాణి. ఒక్క ఆటలో 270 డాలర్లు.

నా జాకీ కంటే అతని రాణి పెద్దదవడం నా దురదృష్టమని ఆ రోజు అనుకున్నాను. ఇప్పుడు ఆ ఆటను తలుచుకుంటే ఇంకోటి కనిపిస్తుంది. మొదటి పందెంతో నాకు మంచి ముక్కలున్నాయని చెప్పాను. ఫ్లాప్‌లో ఆసు తగిలిందని చెప్పాను. టర్న్‌లో ఇంకా ధైర్యంగా ఉన్నానని చెప్పాను. రివర్‌లో చెక్ అనడంతో నా ధైర్యం అయిపోయిందని కూడా చెప్పాను. నాలుగు విడతల్లో నేను చెప్పిన కథ అంతా అతను విన్నాడు. అతను నాకు ఆఖరి పందెం దాకా ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం అతనికి రాలేదు. మేం కుర్చీలు మారి, అవే ముక్కలు అలాగే పడి ఉంటే, టర్న్‌లో అతను చెక్ అంటే నేనూ చెక్ అని ముక్క ఉచితంగా చూసేవాణ్ని. ఓడేవాణ్నే. కానీ 270 ఓడేవాణ్ని కాదు. ఈ ఆటలో చోటు చేసే మేలులో పెద్ద భాగం ఇలా కనబడకుండానే ఉంటుంది. గెలుపు పెద్దదవుతుంది, ఓటమి చిన్నదవుతుంది, ఏ ఒక్క రాత్రీ దాన్ని వేలుపెట్టి చూపించలేం.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మా ఆవిడతో "ఇవాళ పడమటిముఖం సీటు దొరికింది, అందుకే కలిసిరాలేదు" అన్నాను. తనకు పేక అంటే ఏమాత్రం ఇష్టం లేదు. అన్నం వడ్డిస్తూ, "బల్ల గుండ్రంగా ఉంటుందన్నారుగా. మరి గెలిచినతను ఏ దిక్కుకి కూర్చున్నాడండీ?" అంది. వెటకారంగా అనలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను జవాబు చెప్పకుండా విసుక్కున్నాను. గెలిచినతను నాకు కొంచెం పక్కగా, అదే పడమటి వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు. తెలిసి విసుక్కోవడమే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత కొన్నాళ్లకు తూర్పు కుర్చీ దొరికింది. దొరికిన తీరు చెప్పుకోవాలి, నా మూర్ఖత్వమంతా అందులో ఉంది.

మా బల్లమీద ఐదో సీటులో ఒక కుర్రాడు కూర్చున్నాడు. రెండాటలకొకసారి 25, 30 డాలర్లకు పెంచుతున్నాడు, ఎవరైనా పెంచితే దానిమీద ఇంకా పెంచుతున్నాడు. అతనికి కుడిపక్కన, నాలుగో సీటులో, వియత్నాం నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన. వారంలో చాలా రోజులు అక్కడే కనిపించేవారు, ఎక్కువ మాట్లాడేవారు కాదు. కుర్రాడికి ఎడమపక్కన ఆరో సీటు ఖాళీ కాగానే పెద్దాయన డీలర్‌కి చెప్పి, చిప్స్ అన్నీ ట్రేలో సర్దుకుని అక్కడికి మారారు. ఆయన వదిలిన నాలుగో సీటు సరిగ్గా తూర్పుముఖం. నేను తొమ్మిదో సీటు నుంచి చెయ్యెత్తాను. ఇంకెవరైనా అడుగుతారేమోనని కంగారు కూడా పడ్డాను. ఎవరూ అడగలేదు. బల్లమీద ఉన్న పాత ఆటగాళ్లలో ఒక్కరూ ఆ కుర్చీ ఎందుకు కోరుకోలేదో నేను ఆలోచించలేదు.

పోకర్ బల్లమీద మాట ఎడమవైపు నడుస్తుంది. నాలుగో సీటువాడు మాట్లాడాక ఐదో సీటువాడు మాట్లాడతాడు. నేను ఒక మోస్తరు ముక్కలతో 15 పెడితే కుర్రాడు 60 అంటాడు. నేను వదిలేయాలి, 15 పోతాయి. 5 పెట్టి చూద్దామంటే 30 చేస్తాడు, 5 పోతాయి. మంచి ముక్కలొస్తే గట్టిగా పెడతాను, అప్పుడు అతను వదిలేస్తాడు, నాకు వచ్చేది రెండు బ్లైండ్లే. ఒక్కటీ పెద్ద దెబ్బ కాదు. సాయంత్రమంతా 5, 15, 20 అలా జారిపోయాయి. అవతల పెద్దాయన కుర్రాడు ఏం చేశాడో చూసి, చెత్త ముక్కలైతే ఒక్క డాలరూ పెట్టకుండా వదిలేస్తున్నారు. చాలాసేపటికి జంట రాణులో, ఆసు-రాజో వస్తే, కుర్రాడు అప్పటికే 30 పెట్టి ఉంటాడు కాబట్టి దానిమీద 100 పెడుతున్నారు. ఆయన చేస్తున్నది కేవలం ఎదురుచూడటం. ఆ కుర్చీలో ఎదురుచూడటానికి ఖర్చు లేదు. నా కుర్చీలో ఉంది.

బయట కాఫీ దగ్గర కలిసినప్పుడు ఆయన్ను అడిగాను, ఆ సీటు ఎందుకు మారారని. అతని తర్వాత మాట్లాడాలి, అతనికి ముందు కాదు, అన్నారు. అంతే. ఇంకేమీ వివరించలేదు. నేను తూర్పు గురించి చెప్పబోయి ఆగిపోయాను.

అప్పుడు తెలిసింది, ఒకే బల్లమీద రెండు రకాల చోట్లున్నాయని. ఒకటి బటన్‌తో తిరిగేది. తొమ్మిది ఆటల్లో ప్రతి ఒక్కరూ మొదటి మాటా మాట్లాడతారు, ఆఖరి మాటా మాట్లాడతారు. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు, మన వంతు చెడ్డచోటు వచ్చినప్పుడు తక్కువ ఆడి, మంచిచోటు వచ్చినప్పుడు ఎక్కువ ఆడటమే. బాగా ఆడేవాళ్లు మొదటి చోట పది చేతుల్లో ఒకటో, అంతకంటే కాస్త ఎక్కువో ఆడతారు. అదే బటన్ మీద, ముందు ఎవరూ ఆడకపోతే, దాదాపు సగం చేతులతో దిగుతారు. రెండో రకం చోటు తిరగదు. నా ఎడమన ఎవరున్నారు, కుడిన ఎవరున్నారన్నది బటన్ ఎక్కడున్నా మారదు. కుడిపక్కవాడు చాలా ఆటల్లో నాకంటే ముందు మాట్లాడతాడు, ఎడమపక్కవాడు చాలా ఆటల్లో నా మాట విన్నాక మాట్లాడతాడు. దూకుడుగా పెంచేవాళ్లు, డబ్బు ఎక్కువున్నవాళ్లు కుడిన ఉండాలి. ముక్కలు రాకపోతే వదిలేసే నెమ్మదస్థులు ఎడమన ఉండాలి. బల్లమీద డబ్బు ఎడమవైపే నడుస్తుందని పాత ఆటగాళ్లు అంటారు. ఈ రెండు రకాల చోట్లలో మొదటిదాన్ని నేను అసలు చూడలేదు. రెండోదాన్ని చూసి, దిక్కులతో కొలిచాను.

పుస్తకాలు అప్పుడు కొన్నాను. డాయిల్ బ్రన్సన్ 1970ల చివర్లో వేసిన సూపర్ సిస్టమ్, డేవిడ్ స్క్లాన్‌స్కీ రాసిన థియరీ ఆఫ్ పోకర్. బ్రన్సన్ 1976లో, మళ్లీ 1977లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచినాయన. రెండు పుస్తకాల్లోనూ చోటు గురించి ఉంది, ముక్కల గురించి ఎంత శ్రద్ధగా ఉందో అంత శ్రద్ధగా ఉంది. నార్వే అమ్మాయి ఆనెట్ ఓబ్రెస్టాడ్ సంగతి అప్పుడే తెలిసింది. 2007లో, 180 మంది ఆడిన ఒక ఆన్‌లైన్ టోర్నమెంట్‌లో తన ముక్కలు కనబడకుండా మూసి ఆడింది. ఒక్కసారి తప్ప చూడలేదు. ఆ టోర్నమెంట్ గెలిచింది. చిన్న పందేలదే కావచ్చు, కానీ చేతిలో ఏముందో తెలియకుండా, ఎవరు ఏ చోటునుంచి ఎంత పెడుతున్నారన్నదాన్ని చూసే గెలిచింది. అదే సంవత్సరం లండన్‌లో వరల్డ్ సిరీస్ యూరప్ ప్రధాన పోటీ గెలిచి పది లక్షల పౌండ్లు తీసుకుంది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు నిండలేదు.

ఆ అమ్మాయి కథ చదివి నేను ఇంకో తప్పులోకి దిగాను. మొదటిది తెలియక చేసింది. ఇది తెలిశాననుకుని చేసింది, నా దృష్టిలో ఇదే పెద్దది. బటన్ నా ముందుకు వస్తే చాలు, ఏ ముక్కలతోనైనా దిగడం మొదలుపెట్టాను. ఒకరోజు మొదటి చోట కూర్చున్న ఒక పెద్దావిడ 25కి పెంచింది. ఆవిడ చాలాసేపటినుంచి ఒక్కసారీ పెంచలేదు. నేను బటన్ మీద ఆఠీను తొమ్మిది, ఆరు పట్టుకుని కలిపాను. ఫ్లాప్‌లో తొమ్మిది, ఐదు, రెండు. నాకు పై జంట తగిలింది. ఆవిడ పెట్టింది, నేను కలిపాను. మళ్లీ పెట్టింది, మళ్లీ కలిపాను. మూడోసారీ అంతే. నేను ఆఖరున మాట్లాడుతున్నాను, కాబట్టి పైచెయ్యి నాదేనన్న ధీమా. ఆవిడ జంట రాజులు తిప్పింది.

ఆఖరున మాట్లాడటంలోని బలమంతా వినడంలో ఉంది. ఆవిడ మొదటి చోటునుంచి, వెనక ఎనిమిది మంది ఉండగా, అంతసేపు ఊరుకుని ఊరుకుని అప్పుడు పెంచింది. నా దగ్గర చాలా పెద్ద ముక్కలున్నాయని మనిషి అంతకంటే స్పష్టంగా చెప్పలేడు. బల్లమీద అది విని తీరాల్సింది నేను. నా చోటు గురించే ఆలోచించుకుంటూ, ఆవిడ చోటు చెబుతున్నది వినలేదు. చోటు నాకొక్కడికే ఉందనుకున్నాను. తొమ్మిది మందికీ ఉంది, తొమ్మిదీ మాట్లాడతాయి.

ఈ పాఠాలకు అయిన ఖర్చు, మేం భీమవరం ప్రయాణానికని పక్కన పెట్టుకున్న డబ్బు. ఆ ఏడాది సంక్రాంతికి వెళ్లలేదు. పనుల ఒత్తిడి అని నాన్నకు ఫోన్‌లో చెప్పాను. మా ఆవిడ పక్కనే ఉండి విని, ఏమీ అనలేదు. అది నేను ఎవరికీ చెప్పని సంగతి, ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను.

ఇప్పుడు కార్డ్ రూముకి అరుదుగా వెళతాను, ఖర్చు పెట్టగలిగినంతే జేబులో పెట్టుకుని వెళతాను. దిక్కులు చూడటం మానేశాను. వెళ్లగానే కూర్చోకుండా నిలబడి కాసేపు చూస్తాను, ఎవరు పెంచుతున్నారు, ఎవరి ముందు చిప్స్ ఎక్కువున్నాయి అని. మొదటి చోట ఆసు-జాకీ వస్తే వదిలేయడం వచ్చింది. పెద్ద బ్లైండ్ దగ్గర మాత్రం నేను ఇంకా పాత మనిషినే. బటన్ మీదున్నతను 15కి పెంచుతాడు, చిన్న బ్లైండ్ వదిలేస్తాడు. పాట్‌లో, అంటే బల్లమధ్య పోగైన పందెంలో, 22 డాలర్లున్నాయి, నేను ఇంకో 10 పెడితే చాలు. 100కి 32 సార్లు గెలిస్తే లెక్క సరిపోతుంది, చాలా చేతులకు కాగితంమీద ఆ మాత్రం బలం ఉంటుంది. కానీ ఆ లెక్క ఐదు ముక్కలూ తెరిచేదాకా నన్ను ఉండనిస్తారన్న ఊహమీద నడుస్తుంది. నిజానికి ఫ్లాప్‌లో మొదట మాట్లాడాల్సింది నేను, ఆఖరున మాట్లాడేది అతను. ఏమీ తగలక నేను చెక్ అంటాను, అతను పెడతాడు, నేను వదిలేస్తాను. కాగితంమీది బలం చేతికి రాదు. ఇంత తెలిసీ, అక్కడ అప్పటికే కట్టిన 5 నావని మనసు లాగుతుంది. కట్టిన క్షణానే అవి పాట్‌లో కలిసిపోయాయి, నావి కావు. ఆ 5 కోసం 10 పెడుతున్నాను. కిందటిసారి వెళ్లినప్పుడు కూడా, ఇస్పేటు రాణి, కళావరు ఐదు పట్టుకుని పెట్టాను.